ఎడమ సరిహద్దు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ నా నోటితోనే మాట్లాడుకున్నారు.

"వదినా, ఆరు మీటర్ల ముక్క కావాలని మీ ఆయనకి చెప్పు" అని మరిది మిషను దగ్గర నుంచి. "గీత గీశాను, వచ్చి పట్టుకోమని వాడికి చెప్పు" అని ఈయన కోతబల్ల దగ్గర నుంచి. ఇద్దరి మధ్యా పన్నెండడుగుల దూరం. మధ్యలో సుత్తి పట్టుకుని నేను. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో చిన్నప్పుడు బళ్ళో అర్థం చెప్పారు గానీ, అనుభవంలోకి వచ్చింది మాత్రం ఆ రెండు నెలల్లోనే.

మాది టార్పాలిన్ పట్టాలు కుట్టే షెడ్డు. కింద పని, పైన రెండు వాటాల్లో రెండు కాపురాలు. ఈయన కొలిచి కోస్తారు. మరిది అంచు మడిచి, మడతలో తాడు పెట్టి, పెద్ద మిషను మీద కుడతాడు. నేను అంచు పొడవునా రెండడుగులకొకటి ఇత్తడి రింగు దిగ్గొడతాను. తోడికోడలు ఫోన్లు ఎత్తుతుంది, ఆర్డర్లు రాసుకుంటుంది. వానలు పడ్డాయంటే మాకు తల గోక్కునే తీరిక ఉండదు.

ఆ ఏడు మొదటి వానకే ఒక గోదాము పట్టా వెనక్కి వచ్చింది. ఒక పక్క జానెడు కురచ. ఆ సందులోంచి నీళ్ళు దిగి బస్తాలు తడిశాయట. గోదాము మేనేజరు దాన్ని మా గుమ్మంలో పడేసి, నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు.

"నేను గీత మీదే కోశాను" అన్నారు ఈయన.

"నువ్వు కోసిందే నేను కుట్టాను" అన్నాడు మరిది.

"అయితే పట్టా తనంతట తనే కురచైందా?"

"అదేదో కోసినవాళ్ళనే అడగాలి అన్నయ్యా."

"నా చేతి మీద నీకు అంత అనుమానంగా ఉంటే వేరే చోట చూసుకో."

మాట జారడం ఎంతసేపు! వారం తిరగకుండా మరిది డేరాల ఫ్యాక్టరీలో పని చూసుకుని వచ్చాడు. వానలు తగ్గుముఖం పట్టాక, ఫలానా సోమవారం చేరతానని మాట కూడా ఇచ్చి వచ్చాడు. ఆ పెద్ద మిషను మా అందరిలో అతనొక్కడి చేతికే లొంగుతుంది. అతను వెళ్తే షెడ్డు మూతపడుతుంది. షెడ్డు సంగతి అలా ఉంచండి, అతని వాటాకి తాళం పడటం నేను చూడలేను. అదీ నా బాధ.

ఇంత పట్టుదలలోనూ ఇద్దరూ మానని పని ఒకటుంది, ఆట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషను గంటసేపు ఆపుతాం. ఆ గంటలో ఈయన షెడ్డు మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చుంటారు. మరిది తన లాప్‌టాపు కుట్టుబల్ల మీద పెట్టుకుంటాడు. ఒకరికొకరు వీపు పెట్టుకుని ఇద్దరూ ఒకే ఆట ఆడతారు. ఎప్పటివో రాజుల కాలం. కోటలు, ఓడరేవులు, ఉప్పు కొఠార్లు, గుర్రపు దండ్లు. ఈయనది ఆకుపచ్చ రాజ్యం, మరిదిది ఎరుపు. అంతకుముందు ఎన్ని ఆటలాడినా ఇద్దరూ మిత్రులుగానే ఆడేవారు, కంప్యూటరు ఆడించే రాజుల్ని కలిసి చావగొట్టేవారు. ఆ ఏడు మాత్రం కొత్త పటం తెరిచి, ఎవరికి వాళ్ళుగా మొదలుపెట్టారు.

అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. నోటితో నేను మోస్తున్న రాయబారాలు ఎలాగూ ఫలించడం లేదు. ఆటలో మూడో రాజ్యంగా నేనే దిగితే?

తోడికోడలు పడీ పడీ నవ్వింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?"

"కందలు రెండూ మన మొగుళ్ళే కదే. మరి మనకు దురద ఉండదూ?"

"నాకు లేదు." నవ్వాపి నిజమే చెప్పింది. "ఆయన వెళ్దామంటే వెళ్తాను. పొద్దస్తమానం ఈ ముంగితనం చూడలేక పోతున్నా."

అయినా నా ఫోనులో ఎక్కించి ఆట నేర్పింది. పసుపు రాజ్యం నాది. సైన్యం పెంచడం నాకు చేతకాలేదు గానీ, దౌత్యం మాత్రం రెండు రోజుల్లో పట్టుబడింది. ఆ ఆటలో సొంతంగా మాట రాసే వీల్లేదు. తయారుగా ఉన్న పన్నెండు వాక్యాల్లో ఒకటి ఎంచుకుని పంపాలి. "మీ మైత్రి మాకు గౌరవం." "మీ కానుక అందింది." "మీ సైన్యం మా సరిహద్దుకు చాలా దగ్గరగా ఉంది." ఏ పత్రం వచ్చినా అవతలివాడి తెర అంచున చిన్న చుట్టలాగా వచ్చి కూర్చుంటుంది. దాన్ని నొక్కి ముద్ర వేస్తే ఒప్పందం కుదిరినట్టు.

మరిదికి ఉప్పు పంపాను, గంటలోపే మైత్రి కుదిరింది. ఈయనకి గుర్రాలు పంపాను, మైత్రి పత్రం పంపాను. రెండు రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు.

"పెళ్ళాం పంపిన పత్రం కూడా ముట్టుకోరా?" అని కసిరాను.

"ఎప్పుడు పంపావు? నాకేం రాలేదే" అని, అటునుంచి తనే నాకొకటి పంపారు. నేను ముద్ర వేశాను. వంకలు పెట్టడంలో ఈయన్ని మించినవాళ్ళు లేరనుకుని ఊరుకున్నాను.

అలా రెండు పడవల మీదా కాళ్ళు పెట్టాను. ఆటలో ఇద్దరికీ మిత్రురాలిని. షెడ్డులో ఇద్దరి మాటలకూ పంచదార అద్ది అందించే మనిషిని. "ఈసారైనా కళ్ళు పెట్టి కొయ్యమని చెప్పు మీ ఆయనకి" అని మరిది అంటే, "పెద్ద ఆర్డరట, కాస్త నిదానంగా కోయమంటున్నాడండీ" అని చేరవేసేదాన్ని. "పోయేవాడికి ఇవన్నీ ఎందుకట?" అని ఈయన అంటే, "సరేనన్నారయ్యా" అనేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. నావి అతికేవి.

ఇంకొకటి కూడా చేశాను. అది మాత్రం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వానలు ముదిరిన వారంలో, లారీ పట్టా ఒకటి కోతబల్ల మీంచి తీసుకుని మడుస్తుంటే అంచు వంకర కనిపించింది. కుడి అంచు తిన్నగా, నూలు పట్టినట్టుంది. ఎడమ అంచు పోనుపోను పక్కకి జారి, చివరికొచ్చేసరికి నాలుగు వేళ్ళు లోపలికి తిరిగింది. ఇది మిషను దగ్గరికి వెళ్తే ఇంకో యుద్ధం. మరిది టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. ఈయన తాడు చుట్ట కోసం లోపలికి వెళ్ళారు. నేను గబగబా కత్తెర తీసుకుని ఆ అంచు సరిచేసేశాను. కొసరు కోసమని కొంచెం ఎక్కువే కోస్తాం కనుక కొలత సరిపోయింది.

ఆ తరవాత ఇంకో మూడు పట్టాలకు అదే పని చేశాను. కోపంలో ఈయన ధ్యాస పని మీద లేదనుకున్నాను. కోపమే అనుకున్నాను! పళ్ళెంలో ఒక పక్క కూర అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంటుంటే, "వంట కూడా వంకరగా ఉందా?" అని దెప్పాను. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంటే, "కోపం కళ్ళకి గంతలు కట్టిందా?" అన్నాను. నా నోటికి వాత పెట్టాలి.

ఆటలో కూడా వాతావరణం మారింది. ఎరుపు దండ్లు ఆకుపచ్చ రాజ్యం పక్కకి చేరడం మొదలుపెట్టాయి.

"అటువైపు ఒక్క కాపలా కూడా పెట్టలేదు మీ ఆయన" అన్నాడు మరిది, రింగుల డబ్బా నాకు అందిస్తూ. "నాలుగు కోటలు గాలికొదిలేశాడు. ఏదో ఎర వేస్తున్నాడు."

"ఎరేమిటయ్యా, సొంత తమ్ముడివి, నీ వైపు కాపలా ఎందుకనుకున్నారేమో."

"అలా అనుకునేవాడైతే మిగతావి వేరేగా ఉండేవి వదినా." ఏ మిగతావో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఫ్యాక్టరీలో చేరాల్సిన సోమవారానికి ఇంకా పది రోజులుంది. ఆ మధ్యాహ్నం పైన రేకుల మీద వాన దంచుతోంది. వాళ్ళిద్దరూ ఆటకి కూర్చున్నారు. నేను మెతుకు కొరికానో లేదో, నా ఫోను తెర మీద ఎర్రటి కిటికీ తెరుచుకుంది. మీ మిత్రుల మధ్య యుద్ధం మొదలైంది. మీరు ఎవరి పక్షం? కింద మూడు బొమ్మలు. ఆకుపచ్చ కత్తి, ఎర్ర కత్తి, తెల్ల జెండా. పక్కన గడియారం. నాలుగు నిమిషాలు.

తోడికోడలు నా భుజం మీంచి తొంగి చూసింది. "కత్తి ఏది నొక్కినా రెండోవాళ్ళు నీకు శత్రువులక్కా. మళ్ళీ కలవడానికి ఉండదు."

"జెండా నొక్కితే?"

"ఇద్దరికీ సంధి పత్రం వెళ్తుంది. గడువులోగా ఇద్దరూ ముద్ర వెయ్యాలి. ఒక్కరు వెయ్యకపోయినా ఇద్దరూ నీకు శత్రువులే."

ఆట అని తెలుసు. బొమ్మలని తెలుసు. అయినా వెంటనే నొక్కలేకపోయాను. ఇద్దరి వీపులూ చూశాను. ఇద్దరూ నేను ఏది నొక్కుతానా అని ఎదురుచూస్తున్నట్టే ఉంది. నేను జెండా నొక్కాను.

మూడున్నర నిమిషాలు. మరిది తన తెర చూసుకున్నాడు. వేలు నుదుటి మీద రాసుకున్నాడు. "ముందు అవతలి నుంచి రానీ" అన్నాడు గాలితో చెబుతున్నట్టు.

ఈయన కదల్లేదు. తెర కుడివైపు ఏదో పడవను జరుపుకుంటూ తీరిగ్గా కూర్చున్నారు. ఆ తీరిక చూస్తే నాకు ఒళ్ళు మండింది. అవతల ఎరుపు దండు ఆయన కోటలు రెండు అప్పటికే పట్టేసింది!

రెండు నిమిషాలు. వాన చప్పుడుకి గొంతు పెంచాల్సి వచ్చింది. "ఏమండీ, పత్రం వచ్చింది చూడండి!"

"ఏ పత్రం?"

"చెవిటివాడి ముందు శంఖం వదినా అది" అన్నాడు మరిది. "నువ్వొకటి పంపావు. నేను ఆట మొదలైన రోజు నుంచీ పంపుతున్నా. మైత్రి, సంధి, కానుక, అన్నీ పంపా. ముప్పై ఒకటి. ఒక్కదానికి జవాబు లేదు. కాదనైనా అనలేదు. నోటితో అడగడానికి మొహం చెల్లక అందులో అడిగా. ఇంకా ఎలా అడగాలి? అందుకే ఫ్యాక్టరీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. చాలా?"

ఈయన కుర్చీలో వెనక్కి తిరిగారు. రెండు నెలల తరవాత తమ్ముడి మొహం చూసి మాట్లాడారు. "నువ్వు నాకేం పంపావురా? ఒక్కటి రాలేదు. నువ్వు ఒక్కసారి పంపితే చాలని నేను రోజూ చూస్తూనే ఉన్నా."

నేను లేచి వెళ్ళాను. ఆయన తెర ముందు వంగి చూశాను.

ఎడమ అంచున, పై నుంచి కింద దాకా, ఎర్ర ముద్రల చుట్టలు బారుగా ఉన్నాయి. వాటి కింద నా పసుపు చుట్ట, ఆ పక్కన తెల్లది.

"ఇవేమిటండీ మరి?"

"ఏవి?"

"ఇవి!" వేలు పెట్టి చూపించాను. ఆయన నా మోచెయ్యి దాకా చూశారు. ఆ తరవాత తల మొత్తం ఎడమకు తిప్పారు. అప్పుడు ఆయన మొహం మారిపోయింది. "ఇవి... ఇవెప్పుడొచ్చాయి?"

మరిది కుర్చీ జరిగిన చప్పుడు. వచ్చి అన్న వెనక నిలబడ్డాడు. చాలాసేపు ఆ చుట్టల్ని చూశాడు, తరవాత కోతబల్ల వైపు చూశాడు. నెమ్మదిగా బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుని, అన్న ఎడమ చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఎదురుగా గోడ కేసి చూడు. నా చేతిలో ఏముంది?"

"చేతిలోనా? నువ్వెక్కడున్నావసలు?"

కత్తెర మెల్లగా ముందుకు జరిపాడు. ముక్కుకి ఎదురుగా వచ్చాక ఈయన ఉలిక్కిపడ్డారు. "ఇంత దగ్గరగా పట్టుకున్నావేంట్రా, పొడుచుకోదూ!"

నా ఫోను కూసింది. గడువు దాటిందట, ఇద్దరు మిత్రులూ నాకు శత్రువులయ్యారట. తోడికోడలు దాని నోరు మూసి, బల్ల మీద బోర్లా పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో ఉన్నాం. కళ్ళకేం లోటు లేదన్నారు డాక్టరమ్మ. తల వెనక భాగంలో సన్నటి రక్తనాళం ఒకటి ఎప్పుడో మూసుకుపోయిందట, బహుశా ఎండల్లో. ఒకరోజు తలనొప్పని పడుకున్నారు, మర్నాడు లేచి పనికి దిగారు, అదే అయ్యుంటుంది. అప్పటి నుంచి రెండు కళ్ళకీ ఎడమ సగం లేదు. లేదని మనిషికి తెలియదట, ఉన్నంతే లోకం అనుకుంటాడట. మళ్ళీ రాకుండా మందులు రాశారు. పోయిన చూపు తిరిగొస్తుందని మాత్రం చెప్పలేదు.

"పోనీలెండి, రెండోసారి రాకముందే వచ్చారు" అని, కాగితం మడుస్తూ మామూలుగానే అడిగారావిడ. "ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ ఏమీ గమనించలేదా?"

ఈయన పరీక్షల గదిలోకి వెళ్ళాక, బయట బల్ల మీద మరిది పక్కన కూర్చున్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"నేను గమనించానయ్యా. నాలుగు పట్టాలకి ఎడమ అంచు వంకరొచ్చింది. నువ్వు చూస్తే గొడవవుతుందని నేనే కత్తిరించి సరిచేశా. ఆ మొదటిది నీ చేతిలో పడనిచ్చి ఉంటే అప్పుడే బయటపడేది. ఇంకో నరం మూసుకుపోయి ఉంటే ఏమయ్యేది? నేనే చంపుకునేదాన్ని ఆయన్ని."

అతను నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. "నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నువ్వు కోసిన సంగతి. అన్నయ్య కత్తెర ఒక్క ఊపున పోతుంది. నీది ఆగి ఆగి పోతుంది, అంచు మీద పళ్ళు పడతాయి. మడత పెట్టేటప్పుడు నా వేళ్ళకి తగిలాయి." "ఆయన తప్పు కోస్తున్నాడు, నువ్వు కప్పిపుచ్చుతున్నావు, ఇద్దరూ ఒకటై నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారనుకున్నా. నోరు తెరిచి అడిగితే పోయేది. నేనూ అడగలేదు."

ఇల్లు నిలబెడుతున్నాననుకుంటూ అతన్ని గుమ్మం దాకా నెట్టింది నేనేనన్నమాట. అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మరిది ఓదార్చలేదు, లేచి వెళ్ళలేదు, పక్కనే కూర్చున్నాడు.

ఆస్పత్రిలో ఒకమ్మాయి ఈయనకి చూడటం కొత్తగా నేర్పింది. ఏది చూసినా ఎడమ అంచు కనిపించేదాకా తల తిప్పాలి. అంచు తెలియడానికి అక్కడ ఎర్రటి పట్టీ ఏదైనా అంటించుకోండి అంది. మరిది ఆ సాయంత్రమే లారీ పట్టాలకు వాడే ఎర్ర గుడ్డలోంచి రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కోసి, కోతబల్ల ఎడమ అంచు పొడవునా మేకులతో కొట్టాడు. గుమ్మం ఎడమ పక్కన ఒకటి. భోజనం బల్ల మీద ఒకటి. కంప్యూటరు తెరకి సన్నటిదొకటి.

"ఇల్లంతా నీ రంగు పూసేస్తున్నావేంట్రా?" అన్నారు ఈయన.

"యుద్ధంలో గెలిచాగా" అన్నాడు మరిది.

ఎంత సరసమాడినా, సోమవారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్యాక్టరీకి మాట ఇచ్చిన మాట వాస్తవం, అక్కడ పని తేలిక, ఇక్కడ ఇప్పుడు సగం చూపున్న అన్నతో పని. ఉండమని ఏ మొహంతో అడుగుతాం? తోడికోడల్ని కదిపి చూశాను. "ఆయన నాకూ చెప్పలేదక్కా, ఒట్టు" అంది. ఆ వారం రోజులూ పైవాటాలో పెట్టె జరిగిన చప్పుడైనా, సర్దుకుంటున్నారేమోనని నా చెవులు అటే ఉండేవి.

సోమవారం వచ్చింది. వాన లేదు, ఎండ కాసింది. ఎనిమిదయింది, మిషను చప్పుడు లేదు. ఎనిమిదిన్నరకి మరిది ఉతికిన చొక్కా వేసుకుని దిగాడు, ఎటో వెళ్ళాడు. ఈయన కోతబల్ల దగ్గర సుద్ద చేత్తో పట్టుకుని నిలబడ్డారు గానీ గీత గియ్యలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

పదింటికి తిరిగొచ్చాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, మిషనుకి నూనె పోసుకున్నాడు. ఎక్కడికి వెళ్ళావని ఎవరమూ అడగలేదు. మధ్యాహ్నం దాకా నాలుగు పట్టాలు కుట్టాం.

భోజనాలయ్యాక ఇద్దరూ ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చున్నారు. ఈయన తల నెమ్మదిగా ఎడమకు తిప్పారు, ఎర్ర పట్టీ కనిపించేదాకా. ఆకుపచ్చ రాజ్యం ఎడమ సరిహద్దు పొడవునా, పోయిన కోటలన్నిటి మీదా ఆకుపచ్చ జెండాలే తిరిగి ఎగురుతున్నాయి. వాటి ముందు, బయటివైపు తిరిగి, ఎర్ర దండ్లు బారులు తీరి నిలబడి ఉన్నాయి.

ఈయన చాలాసేపు చూశారు. పన్నెండు వాక్యాల్లోంచి ఒకటి వెతికి పంపారు. మరిది తెర మీద చుట్ట విచ్చుకోవడం నేను రింగులు కొట్టే దిమ్మ దగ్గరికే కనిపించింది. మీ సైన్యం మా సరిహద్దుకు చాలా దగ్గరగా ఉంది.

మరిది జవాబుగా ఏ వాక్యమూ నొక్కలేదు. వెనక్కి కూడా తిరగలేదు.

"అక్కడే ఉంటుంది అన్నయ్యా" అన్నాడు.